న్యూట్‌ను పట్టుకోకుండానే ట్యాంకు నీళ్లు మార్చడం ఎలా

నీళ్లు మార్చే రోజు రాగానే చాలామంది చేసే మొదటి పని వల తీసుకుని న్యూట్ (బల్లిలా కనిపించే, ట్యాంకులో పెంచుకునే ఉభయచరం) వెంట పడటం. అది రాళ్ల సందుల్లోకి దూరుతుంది, మొక్కలు పెకలిపోతాయి, అడుగున ఉన్న మడ్డి అంతా పైకి లేస్తుంది, చివరికి ఎలాగో పట్టి డబ్బాలో వేస్తే అందులోంచి గోడెక్కి బయటపడాలని చూస్తుంది. ఇంత హంగామా అక్కర్లేదు. వారం వారం చేసే మామూలు మార్పుకి న్యూట్‌ను బయటికి తీయాల్సిన పనే లేదు, అది లోపల ఉండగానే గుట్టుచప్పుడు కాకుండా కానిచ్చేయొచ్చు. దానికి పడాల్సిన శ్రమలో ముప్పాతిక వంతు బకెట్ దగ్గరే, అంటే కొత్త నీళ్లు తయారుచేసుకోవడంలోనే ఉంటుంది.

ఎందుకంటే న్యూట్ మనలాగా నోటితో నీళ్లు తాగదు, చర్మం గుండానే పీల్చుకుంటుంది. ఆక్సిజన్ కూడా కొంత చర్మం నుంచే తీసుకుంటుంది. చేపకి పొలుసులైనా అడ్డుంటాయి, దీనికి అదీ లేదు, కాబట్టి నీళ్లలో క్లోరిన్ ఉన్నా అమోనియా ఉన్నా సబ్బు మరక ఉన్నా నేరుగా ఒంట్లోకి వెళ్లిపోతుంది. ఇంకోపక్క మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది: పెద్ద న్యూట్‌కి ఊపిరితిత్తులుంటాయి, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. నీటిమట్టం కాసేపు సగానికి తగ్గినా దానికి వచ్చే ప్రమాదమేమీ లేదు. అంటే నీళ్లు తోడేటప్పుడు కంగారుపడక్కర్లేదు, పోసేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా చైనీస్ ఫైర్‌బెల్లీ, జపనీస్ ఫైర్‌బెల్లీ, స్పానిష్ రిబ్డ్ న్యూట్ లాంటి, ఎక్కువ కాలం నీళ్లలోనే గడిపే రకాల గురించి.

ఎంత మార్చాలి, ఎప్పుడు మార్చాలి

కుదురుకున్న, అంటే ఫిల్టర్‌లో మేలు చేసే బ్యాక్టీరియా స్థిరపడిన ట్యాంకులో వారానికోసారి 20 నుంచి 25 శాతం నీళ్లు మారిస్తే సరిపోతుంది. మొక్కలు బాగా ఉండి న్యూట్‌లు తక్కువగా ఉంటే ఇంకాస్త ఆలస్యమైనా కొంప మునగదు. కానీ ఈ లెక్క అంచనాతో కాకుండా చుక్కల టెస్ట్ కిట్‌తో తేల్చుకోండి. న్యూట్ వ్యర్థాల నుంచి అమోనియా పుడుతుంది, దాన్ని మేలు చేసే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి, ఇందులో బేరాల్లేవు. నైట్రేట్ లీటరుకి 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే హాయి, 40 దాటుతుంటే మీరు మార్చే నీళ్లు చాలడం లేదని అర్థం. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి కదా అని వదిలేయకండి, ఇవేవీ కంటికి కనిపించేవి కావు.

ఆవిరైపోయిన నీటిని నింపడం నీళ్లు మార్చడం కిందకి రాదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, నైట్రేటూ లవణాలూ ట్యాంకులోనే ఉండిపోయి వారం వారం చిక్కబడతాయి. మగ్గుడు నీళ్లు పోసి "మార్చేశాను" అనుకునేవాళ్లు కొంచెం ఆలోచించాలి.

మొత్తం నీళ్లు తీసేసి ట్యాంకు కడిగి మళ్లీ నింపడం మాత్రం వద్దు. మేలు చేసే బ్యాక్టీరియా నీళ్లలో ఉండేది తక్కువే, ఫిల్టర్ స్పాంజ్‌కీ రాళ్లకీ అడుగుకీ అంటుకుని ఉంటుంది, మీరు అవన్నీ శుభ్రంగా తోమేస్తే అదీ పోతుంది. పైగా ఉష్ణోగ్రత, పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పే కొలత), లవణాలు అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. న్యూట్‌కి అది ఇల్లు సర్దినట్టు కాదు, ఊరే మారినట్టు.

ముందు రోజు: బకెట్‌లో నీళ్లు

కుళాయి నీళ్లలో సాధారణంగా క్రిముల్ని చంపే రెండు రకాల మందుల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఒకటి క్లోరిన్. ఇది బకెట్‌లో మూత లేకుండా 24 గంటలు ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది, ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేస్తే ఇంకా త్వరగా పోతుంది. రెండోది క్లోరమైన్, అంటే క్లోరిన్, అమోనియా కలిసిన మందు, ఇది రోజుల తరబడి ఉంచినా పోదు. మీ నీళ్లలో ఏది కలుపుతున్నారో తెలియనప్పుడు ఎన్నాళ్లు నిలవబెట్టినా గ్యారంటీ లేదు కాబట్టి వాటర్ కండిషనర్ (ఈ మందుల్ని విరిచేసే ద్రావణం) వాడటమే మంచిది.

కండిషనర్ కొనేటప్పుడు సీసా వెనక చదవండి. చేపల కోసం అమ్మేవాటిల్లో కొన్నింటికి కలబంద రసమో, చర్మం మీద పొర కట్టే పదార్థమో కలుపుతారు, న్యూట్‌కి అవి లేని సాదా రకమే మేలు. ఇంకో సంగతి, సోడియం థయోసల్ఫేట్ మాత్రమే ఉన్న మందు క్లోరమైన్‌ని విడగొట్టినప్పుడు అందులోని అమోనియా మిగిలిపోతుంది. కుదురుకున్న ఫిల్టర్ ఆ కొంచాన్ని తినేస్తుంది గానీ ట్యాంకు కొత్తదైతే అమోనియాని కూడా కట్టిపడేసే కండిషనర్ తీసుకోండి. మోతాదు బకెట్‌లోని నీళ్లకి సరిపడా వేయండి. బకెట్‌లో కలపకుండా నేరుగా ట్యాంకులో పోసే పద్ధతైతే ట్యాంకు మొత్తం నీటికి లెక్కేయాలి, కానీ న్యూట్ ఉన్న చోట ఆ పద్ధతి నాకు నచ్చదు. మందు కలిసేలోపు క్లోరిన్ నీళ్లు దాని ఒంటికి తగులుతాయి కదా.

బకెట్‌ని రాత్రంతా ట్యాంకు పక్కనే ఉంచితే ఉష్ణోగ్రత దానంతట అదే దగ్గరికొస్తుంది. కుళాయిలోంచి ఒత్తిడితో వచ్చిన నీళ్లలో గాలి కరిగి ఉంటుంది, గ్లాసులో పట్టగానే గోడలకి సన్నటి బుడగలు పట్టడం చూసే ఉంటారు, అది కూడా తేలిపోతుంది. పోసేముందు ఒకే థర్మామీటర్‌తో ముందు ట్యాంకు, తర్వాత బకెట్ చూడండి. రెండు వేర్వేరు థర్మామీటర్లు వాడితే వాటి మధ్యే ఒక డిగ్రీ తేడా ఉండొచ్చు. తేడా ఒకటి రెండు డిగ్రీలు దాటకూడదు, ఎటైనా మొగ్గాల్సి వస్తే చల్లటి వైపే మొగ్గండి. ఫైర్‌బెల్లీ రకాలకి 16 నుంచి 20 డిగ్రీల మధ్య నిక్షేపంగా ఉంటుంది, 24 దాటితే అవి తిండి మానేసి నీరసపడటం మొదలెడతాయి. చేతికి "గోరువెచ్చగా" తగిలిందంటే న్యూట్‌కి అది ఎక్కువే. వేసవిలో బకెట్‌లో చల్లటి నీళ్ల సీసా తేలేసి ఉంచండి, అంతేగానీ ట్యాంకులోకి ఐసు ముక్కలు విసరొద్దు.

తాగడానికి ఫిల్టర్ చేసిన ఆర్వో నీళ్లు చాలా శుభ్రం కదా అనిపిస్తుంది. శుభ్రమే, కానీ అందులో లవణాలు దాదాపు ఉండవు, అచ్చంగా అవే పోస్తే న్యూట్ ఒంట్లోని లవణాల తూకం దెబ్బతింటుంది. డిస్టిల్డ్ వాటర్‌ది కూడా ఇదే కథ. మామూలు నీళ్లు మరీ ఉప్పగా, గట్టిగా ఉంటే సగం సగం కలుపుకోవచ్చు, ఒకసారి ఏ పాళ్లు పెట్టుకుంటే ఎప్పుడూ అవే పాళ్లు.

బకెట్ ఈ పనికే ప్రత్యేకంగా ఉండాలి. బట్టలు నానబెట్టిన బకెట్‌ని ఎంత కడిగినా సబ్బు వాసన పూర్తిగా పోదు. రాగి బిందెలు, చెంబులు దగ్గరికి రానీయొద్దు, రాగి కొద్దిగా కరిగినా ఉభయచరాలకి విషమే.

నీళ్లు తోడటం

ముందుగా ఫిల్టర్ స్విచ్ ఆపండి. ట్యాంకులో హీటర్ ఉంటే అది కూడా, లేకపోతే నీటిమట్టం తగ్గి గాజు గాలికి తగిలినప్పుడు పగిలిపోవచ్చు. లైటు ఆపేయండి, గది వెలుతురు చాలు, మసకగా ఉంటే న్యూట్‌కి ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు న్యూట్ ఎక్కడుందో చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అది ఎక్కడుందో తెలిస్తే అవతలి పక్క పని మొదలెట్టొచ్చు. దాక్కున్న చోటు నుంచి మాత్రం లేపొద్దు. దాని గూడు, రాయి, చెక్క ఎత్తి కింద శుభ్రం చేయాలన్న ఆరాటం వదులుకోండి. ఈ వారం ఎడమ పక్క, వచ్చే వారం కుడి పక్క అని పంచుకుంటే అడుగంతా శుభ్రమవుతుంది, దానికెప్పుడూ ఒక పక్క ప్రశాంతంగా మిగులుతుంది.

మూత మొత్తం తీయకుండా చెయ్యీ గొట్టం పట్టేంత తెరవండి. తడి న్యూట్ నిటారు గాజు గోడ మీద పొట్ట ఆన్చి అలవోకగా పాకిపోతుంది, మూలల్లో అయితే మరీ సులువు. మీరు బకెట్ వైపు తిరిగిన ఆ కాస్త వ్యవధి చాలు దానికి.

గొట్టం సన్నదైతే మంచిది. చేపల ఎయిర్ పంపుకి వాడే 4 నుంచి 6 మిల్లీమీటర్ల పైపు చిన్న ట్యాంకుకి చక్కగా సరిపోతుంది, ఆలస్యమవుతుంది నిజమే, కానీ అది న్యూట్ కాలినీ తోకనీ లాగేంత జోరుగా లాగదు. వెడల్పాటి గొట్టమే వాడాలనుకుంటే మూతికి స్పాంజ్ ముక్కో జాలీయో కట్టండి. ఇంకో కిటుకు, గొట్టం రెండో చివర బొటనవేలితో మూయగలిగేలా చేతిలోనే ఉంచుకోండి, ఏ క్షణంలోనైనా ఆపేయొచ్చు. బకెట్ ఎంత కిందుంటే ధార అంత జోరు, కాబట్టి జోరు ఎక్కువనిపిస్తే బకెట్‌ని ఏ పీట మీదో పెట్టి ఎత్తండి.

గొట్టాన్ని నోటితో పీల్చి మొదలెట్టే అలవాటుంటే మానేయండి. ఆ నీళ్లలో సాల్మొనెల్లా అనే, మనకి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, పైగా ఫైర్‌బెల్లీల చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. గొట్టాన్ని బకెట్‌లోని కొత్త నీళ్లతో నింపి, రెండు చివర్లూ వేళ్లతో మూసి, ఒక చివర ట్యాంకులో ముంచి రెండోది ఖాళీ బకెట్‌లోకి దించి వదిలితే చాలు, ధార అదే మొదలవుతుంది.

గొట్టం మూతిని అడుగుకి కొంచెం ఎత్తులో పట్టుకుని మడ్డి మీదుగా మెల్లగా జరపండి. తిండి వేసే చోట, మొక్కల మొదళ్ల దగ్గర ఎక్కువ పేరుకుంటుంది. ఇక్కడ ఒక తమాషా: గొట్టం కొస కదులుతుంటే కొన్ని న్యూట్‌లు వానపామేమో అనుకుని తల వంచి, ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికొచ్చి కొస మీద ముక్కు ఆనిస్తాయి. ముచ్చటగానే ఉంటుంది గానీ వెంటనే బొటనవేలితో ధార ఆపి, గొట్టం పక్కకి తీసి, అది ఆసక్తి పోయి తిరిగి వెళ్లేదాకా ఆగండి. చేత్తో తోయొద్దు. మూలల్లో మిగిలిన తిండి ముక్కలకి సూది లేని పెద్ద సిరంజి చాలా బాగా పనికొస్తుంది.

ఫిల్టర్ స్పాంజ్ మురికి పట్టి ఉంటే ఈ తోడిన నీళ్లలోనే ముంచి రెండు మూడు సార్లు పిండండి. కుళాయి కింద కడిగితే క్లోరిన్ తగిలి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తర్వాత రోజుల్లో అమోనియా పెరిగి "నీళ్లు మార్చినా న్యూట్ నలతగా ఉందేంటి" అని తల పట్టుకోవాల్సి వస్తుంది. స్పాంజ్ తెల్లగా మెరవాల్సిన అవసరం లేదు, నీళ్లు ధారాళంగా వెళ్తే చాలు.

పోయడం

అసలు ఓపిక ఇక్కడ కావాలి. బకెట్ ఎత్తి గుమ్మరించారో, అడుగంతా కలిసిపోయి, న్యూట్ సుడిలో కొట్టుకుపోయి, బిక్కచచ్చి మూలకి చేరుతుంది. వీటిలో చాలా రకాలు చెరువుల్లో, నీటి గుంటల్లో, నిలకడ నీళ్లలో బతికేవి, ప్రవాహం వాటికి గిట్టదు.

నీళ్ల మీద ఒక చిన్న ప్లాస్టిక్ పళ్లెం తేలేసి దాని మీద మగ్గుతో కొంచెం కొంచెంగా పోయండి, ధార పళ్లెం మీద పడి నలుదిక్కులా జారుకుంటుంది. ఇంకా తాపీగా కావాలంటే బకెట్‌ని ట్యాంకు కన్నా ఎత్తులో పెట్టి, అదే సన్న గొట్టంతో వదలండి, చివర ఒక వదులు ముడి వేస్తే ధార ఇంకా తగ్గుతుంది. పది లీటర్లకి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టినా పట్టనీయండి. ధార న్యూట్ ఉన్న చోటికి దూరంగా, గాజు గోడ వెంట జారేలా పెట్టండి.

పోస్తున్నంతసేపూ దాన్ని గమనించండి. కింద కూర్చుని గొంతు కింద చర్మం లయగా ఆడుతూ ఉంటే అంతా మామూలే. తల పైకెత్తి చుట్టూ చూసినా పర్లేదు. ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ గోడలకి కొట్టుకున్నా, పరుగున నీళ్లలోంచి పొడి చోటికి ఎక్కేసినా పోయడం ఆపి, బకెట్ ఉష్ణోగ్రత మళ్లీ చూసి, కండిషనర్ వేశారో లేదో గుర్తు తెచ్చుకోండి. వేయలేదని తేలితే ట్యాంకు మొత్తానికి సరిపడా మోతాదు వెంటనే నీళ్లలో కలిపి, న్యూట్‌ను శుద్ధి చేసిన చల్లటి నీళ్లున్న డబ్బాలోకి మార్చండి. న్యూట్‌ను పట్టుకోవడానికి నేను ఒప్పుకునే అతికొద్ది సందర్భాల్లో ఇదొకటి.

పోశాక

మూత గట్టిగా బిగించాకే మిగతా పనులు. ఫిల్టర్ ఆన్ చేసి నీళ్లు నిజంగా తిరుగుతున్నాయా అని చూడండి, లోపల గాలి చేరితే మోటారు శబ్దం చేస్తుంది గానీ నీళ్లు లాగదు. లైటు ఇంకొన్ని గంటలు ఆగి వేయొచ్చు. తిండి కూడా వెంటనే పెట్టొద్దు, సాయంత్రం దాకా ఆగండి. అప్పుడు వానపాము ముక్క చూపించగానే వచ్చి అందుకుందంటే ఇంక దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఒకటి రెండు రోజులు దాని తీరు చూడండి. తోక కొన వంకీ తిరగడం, నీళ్లలోకి దిగకుండా గంటల తరబడి పైనే ఉండిపోవడం, తేలిపోతూ కిందకి వెళ్లలేకపోవడం, మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగడం, చర్మం మీద ఎర్రటి మచ్చలు రావడం, వీటిలో ఏది కనిపించినా ముందు నీళ్లు పరీక్షించండి. నీళ్లు సరిగ్గానే ఉండి కూడా తగ్గకపోతే ఉభయచరాల్ని చూసే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. చేపల మందులు సొంతంగా వేసేయొద్దు, వాటిలో కొన్నింట్లో రాగి ఉంటుంది.

కొన్ని మాత్రం చూడగానే భయపెడతాయి గానీ భయపడాల్సినవి కావు. ఒంటి మీద నుంచి పల్చటి పొర ఊడి, వేళ్ల ఆకారంతో సహా చేతి తొడుగులా నీళ్లలో తేలుతుంటే అది కుబుసం, చాలాసార్లు న్యూటే దాన్ని తినేస్తుంది. అలాగే కొంచెం చల్లటి నీళ్లు పోశాక మగ న్యూట్ ఆడదాని ముందుకెళ్లి, తోకని పక్కకి మడిచి గబగబా విసనకర్రలా ఆడిస్తుంటే అది జబ్బు కాదు, సరసం. చల్లదనం వాటికి జతకట్టే కాలాన్ని గుర్తు చేస్తుంది.

తప్పనిసరిగా బయటికి తీయాల్సి వస్తే

ట్యాంకు పగిలినా, పురుగుమందు లాంటిది నీళ్లలో పడినా, అడుగు మొత్తం మార్చాల్సి వచ్చినా తీయక తప్పదు. వల కన్నా ప్లాస్టిక్ డబ్బా మేలు. డబ్బాని నీళ్లలో పక్కకి పడుకోబెట్టి, రెండో చేత్తో వెనక నుంచి నెమ్మదిగా దారి మళ్లిస్తే అదే లోపలికి నడుస్తుంది, అలాగే నీళ్లతో సహా ఎత్తేయండి. చేత్తోనే పట్టుకోవాల్సి వస్తే ముందు సబ్బు లేకుండా బాగా కడుక్కుని, ట్యాంకు నీళ్లతోనే తడుపుకోండి, పొడి చేతి వేడీ ఉప్పూ దాని చర్మానికి పడవు. డబ్బాలో రెండు మూడు అంగుళాల నీళ్లు, ఎక్కి కూర్చోడానికి ఒక మొక్కో తడి నాచో, చిల్లులున్న బిగుతు మూత, పైన ఒక గుడ్డ కప్పి చల్లటి మూలలో పెట్టండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగేదాకా కళ్లు నలపొద్దు, నోట్లో వేలు పెట్టొద్దు.

నెలల తరబడి వదిలేసిన ట్యాంకు

ఎవరి దగ్గరి నుంచో ట్యాంకు మీ చేతికొచ్చింది, నీళ్లు ఎప్పుడు మార్చారో దేవుడికే తెలియాలి. సగం నీళ్లు తీసి కొత్తవి పోసేద్దాం అనిపిస్తుంది, అదే ప్రమాదం. పాతబడ్డ నీళ్లు మెల్లమెల్లగా ఆమ్లంగా మారి పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతకాలం అమోనియా ఎక్కువభాగం అమోనియం రూపంలో ఉంటుంది, దానికి విషం తక్కువ. మీరు కొత్త నీళ్లు దండిగా పోసి పీహెచ్ ఒక్కసారిగా పెంచితే ఆ అమోనియం కాస్తా విషపు అమోనియాగా మారుతుంది. న్యూట్ నిన్నటి దాకా మురికిలో బాగానే ఉండి శుభ్రం చేసిన రోజే పోయిందని బాధపడేవాళ్ల వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే. ఇలాంటి ట్యాంకులో రోజుకి పది శాతం చొప్పున, పీహెచ్ అమోనియా చూసుకుంటూ, వారం పది రోజులు సాగదీయండి.

గుడ్లూ పిల్లలూ ఉన్నప్పుడు

ఫైర్‌బెల్లీల్లో ఆడది ఒక్కో గుడ్డునీ ఆకు మడతలో పెట్టి అంటిస్తుంది, కాబట్టి ఆ రోజుల్లో మొక్కలు కత్తిరించడం, దులపడం వద్దు. పిల్లలు సన్నగా, గాజులా పారదర్శకంగా, మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలతో ఉంటాయి, ఎంత చూసినా గొట్టంలోకి పోయేదాకా కనపడవు. వాటి డబ్బాలో రోజూ కొంచెం కొంచెంగా సిరంజితో తీసి మార్చండి, తీసిన నీళ్లు తెల్లటి పళ్లెంలో పోసి కాసేపు ఆగి చూడండి. తెలుపు మీద రెండు నల్ల చుక్కలు కదిలాయంటే అవి కళ్లే, చెంచాతో ఎత్తి మళ్లీ వదిలేయండి. పెద్ద ట్యాంకు నీళ్లైనా ఇలా ఒకసారి చూడకుండా పారబోయొద్దు.

పారబోయడం కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు. బీడీ (Bd), బీసాల్ (Bsal) అని పిలిచే కైట్రిడ్ బూజులు ఉభయచరాల చర్మానికి పట్టి చంపేస్తాయి, పెంపుడు జంతువుల వ్యాపారంతో అవి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతున్నాయి. న్యూట్ పైకి ఆరోగ్యంగా కనిపించినా ఆ నీళ్లని చెరువులో, కాలవలో, వాననీటి గుంటలో కలపొద్దు. మురుగు పైపులోకి వదలండి, లేదా ఇంట్లో కుండీ మొక్కలకి పోయండి, నైట్రేట్ వాటికి ఎరువే. పచ్చిగా తినే ఆకుకూరలకి మాత్రం వద్దు. గొట్టం, బకెట్, సిరంజి వంటగది సింకులో కాకుండా బయట కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వచ్చే వారానికి పక్కన పెట్టుకోండి.